మేడమ్, కొత్తవేమైనా వచ్చాయా?

మా ఊరి శాఖా గ్రంథాలయంలో జవాబు రాని ప్రశ్నలు రెండున్నాయి. బాత్రూమ్ తాళం ఎవరి దగ్గరుంది అన్నది ఒకటి. కొత్త పుస్తకాలేమైనా వచ్చాయా అన్నది రెండోది. మొదటిదానికి, అవసరం ముంచుకొస్తే, ఎలాగోలా జవాబు దొరుకుతుంది. రెండోదాని కోసం నేను పదకొండేళ్లుగా తిరుగుతున్నాను. తిరగ్గా తిరగ్గా ఈమధ్యే జ్ఞానోదయమైంది. తప్పు గ్రంథాలయానిది కాదు, అడిగేవాళ్లది. అసలు కొత్త అంటే ఏమిటో మనకి తెలియదు.

లోకంలో అందరూ పుస్తకం వయసు అచ్చయిన రోజు నుంచి లెక్కపెడతారు. గ్రంథాలయంలో ఆ లెక్క చెల్లదు. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ రాసుకునే యాక్సెషన్ రిజిస్టర్‌లో నంబరు పడి, టైటిల్ పేజీ మీద ఊదారంగు ముద్ర పడితేనే పుస్తకం పుట్టినట్టు. అంతకుముందు అది బజారులో ఎన్నేళ్లు బతికి బట్టకట్టినా కడుపులో బిడ్డ కిందే లెక్క. మా దగ్గర 'నూతన గ్రంథములు' అని పెయింటుతో రాసిన చెక్క అర ఒకటుంది. అందులో విండోస్ 98 నేర్పే పుస్తకం ఒకటి ఇప్పటికీ నిగనిగలాడుతూ నిలబడి ఉంటుంది. ఇంతవరకూ ఎవరూ దాన్ని ముట్టుకోలేదు కాబట్టి అది కొత్తదే. వాదనలో ఎక్కడా లోపం లేదు.

మరి 'రాబోయే పుస్తకం' అంటే? నాలుగేళ్ల కిందట అచ్చయి, రెండో ముద్రణకి వెళ్లి, ఏదో అవార్డు పుచ్చుకుని, దాని మీద పేపర్లో రెండు వారాలు గొడవ జరిగి, ఆ గొడవపడ్డవాళ్లు మళ్లీ కలిసిపోయి, ఇంత జరిగినా మా ఊరికి చేరనిది రాబోయే పుస్తకం. ఇందులో పాఠకుడికి ఎంత మేలుందో గమనించండి. పుస్తకం చేతికొచ్చేసరికి అది నిలబడేదో కాదో కాలమే తేల్చేసి ఉంటుంది. మనం టెన్షన్ పడక్కర్లేదు.

టెక్సాస్‌లో ఉండే మా మేనల్లుడికి ఈ సూక్ష్మం అర్థం కాదు. మొన్న వీడియో కాల్‌లో గొప్పలు పోయాడు. "మామయ్యా, మా లైబ్రరీలో ఒక నవలకి హోల్డ్ పెట్టాను. నాది 212వ నంబరు."

"అంత డిమాండున్న పుస్తకం ఎప్పుడొచ్చిందిరా?"

"ఇంకా రాలేదు మామయ్యా. సెప్టెంబర్లో రిలీజ్."

రాని పుస్తకానికి 211 మంది ముందు వరసలో నిలబడ్డారన్నమాట. ఆ దేశానికి పనేం లేదనుకున్నాను. అక్కడ ఇంకో విడ్డూరం కూడా ఉందట. దేశం నలుమూలలా ఉన్న లైబ్రేరియన్లు, ఇంకా మార్కెట్లోకి రాని పుస్తకాల ముందస్తు ప్రతులు చదివి, ఓట్లేసి, వచ్చే నెలలో వెలువడేవాటిలో తమకు బాగా నచ్చిన పదింటి జాబితా ప్రకటిస్తారు. లైబ్రరీ రీడ్స్ అని దాని పేరు, 2013 నుంచి నెలనెలా నడుస్తోంది. లైబ్రేరియన్ పుస్తకం చదవడమేమిటి, పైగా అది అందరికంటే ముందు చదవడమేమిటి! మా మేడమ్‌కి మూడు శాఖల ఇన్‌ఛార్జి. సోమవారం, గురువారం మా ఊరు. మంగళవారం, శనివారం పక్క మండలం. మిగిలిన రోజుల్లో జిల్లా కేంద్రానికి పంపాల్సిన స్టేట్‌మెంట్లు. ఆవిడ చదివేది ఒక్కటే, పైనుంచి వచ్చే వాట్సాప్ మెసేజీలు. అవి మాత్రం విడుదలైన నిమిషంలోనే చదవాలి.

పైగా మనవాళ్లు పుస్తకాన్ని దారి పొడుగునా ఎంత జాగ్రత్తగా నడిపిస్తారో మేనల్లుడికేం తెలుసు? రచయిత రాస్తాడు. పీఎఫ్ డబ్బులు తీసి ఐదొందల కాపీలు వేయించుకుంటాడు. గ్రంథాలయాల కోసం దరఖాస్తు చేస్తాడు. అప్పుడు ఎంపిక కమిటీ అంటూ ఒకటి ఏర్పడాలి. ఏర్పడ్డాక కూర్చోవాలి. కూర్చున్నాక చూడాలి. చూశాక జాబితా తేలాలి, జాబితా తేలాక బడ్జెట్ తేలాలి. ఈలోగా రచయిత తేలిపోయినా ఆశ్చర్యం లేదు. కట్ట జిల్లా కేంద్రం చేరి, అక్కణ్నుంచి మా ఊరికొచ్చాక కూడా పురికొస విప్పడానికి మంచిరోజు చూడాలి. మంచిరోజంటే మేడమ్, అటెండరు, బీరువా తాళం చెవి ఈ ముగ్గురూ ఒకే రోజు ఒకే గదిలో కలవడం. జాతకాలు కలపడం ఇంతకంటే తేలిక.

నేనూ ఊరికే కూర్చోలేదు. పాఠకుల సూచనల పుస్తకం అడిగి తీసుకుని, ఫలానా నవల తెప్పించవలసిందిగా ప్రార్థన అని నా చక్కటి దస్తూరీతో రాశాను. నా కిందనే ఎవరో 'రెండో ఫ్యాను తిరగడం లేదు' అని రాశారు. ఆయన కింద ఇంకొకరు 'పై ఇద్దరితో ఏకీభవిస్తున్నాను' అన్నారు. ఎనిమిది నెలల తర్వాత మా ముగ్గురికీ కలిపి ఎర్ర ఇంకుతో ఒకటే సమాధానం వచ్చింది: 'గమనించడమైనది.' ఫ్యాను ఇంకా తిరగడం లేదు గానీ, గమనించబడ్డ ఫ్యాను కింద కూర్చోవడంలో ఒక నిబ్బరముంది.

పోనీ, పాఠకుడికి పుస్తకాన్ని సిఫారసు చేసే ఏర్పాటు మనకి లేదా అంటే, భేషుగ్గా ఉంది. ఆవిష్కరణ సభ. పుస్తకాన్ని రంగు కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి, వేదిక మీద విప్పించి, ఆరుగురు వరసగా నిలబడి గుండెలకి ఆనించుకుని ఫొటో దిగుతారు. తర్వాత మొదటి వక్త మైకు పుచ్చుకుని, "పుస్తకం ఇప్పుడే నా చేతికి అందింది. పూర్తిగా చదివే అవకాశం కలగలేదు" అని మొదలుపెట్టి నలభై నిమిషాలు మాట్లాడతాడు. చదివుంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికే భయమేస్తుంది. చివర్లో రచయిత, వచ్చినవాళ్లకి తలా ఒక కాపీ 'ఆత్మీయులు, సాహితీ బంధువు' అని సంతకం చేసి మరీ ఇస్తాడు.

ఇక్కడే అసలు రహస్యం. పదకొండేళ్ల పరిశీలన మీద చెబుతున్నాను, మా గ్రంథాలయానికి నిజమైన కొత్త పుస్తకాలొచ్చే దారి ఇదొక్కటే. కమిటీ దారిలో నాలుగేళ్లు పట్టేది ఈ దారిలో నాలుగు నెలల్లో వచ్చేస్తుంది. ముఖ్య అతిథి ఇంటికి పుస్తకం వెళుతుంది. టీపాయ్ మీద, టీవీ కింద, అటక మీద, ఆ వరసలో ఉంటుంది. సంక్రాంతికి ఇంట్లో బూజులు దులిపేటప్పుడు ఇల్లాలు "ఇవన్నీ ఎవరు చదువుతారండీ" అంటుంది. పాత పేపర్లవాడు కేజీకి ఎంతిస్తాడో కనుక్కున్నాక, దానికంటే పుణ్యమే నయమని సంచిలో వేసి గ్రంథాలయానికి పంపేస్తారు. ఆ పుస్తకాల్ని చూస్తే ముచ్చటేస్తుంది. మొదటి పేజీలో ఆత్మీయ సంతకం చెక్కుచెదరదు, లోపలి పేజీల అంచులు ఇంకా విడిపోయి కూడా ఉండవు. కాబట్టి గ్రంథాలయాభివృద్ధికి నాదొక సూచన. కమిటీలు మానేసి, ఏడాదికి రెండు సంక్రాంతులు పెట్టండి.

లోపలికొచ్చిన పాత పుస్తకాల్లో ఏది మంచిదో తెలుసుకోవడానికి మా ఊళ్లో కంప్యూటర్ అవసరం పడలేదు. వెనక అట్టకి అంటించిన గడువు తేదీల చీటీ చూస్తే చాలు. ముద్రలు కిక్కిరిసి చీటీ మీద చీటీ అంటించారంటే కళ్లు మూసుకుని పట్టుకెళ్లొచ్చు. వివరంగా కావాలంటే పెన్సిల్ సమీక్షలున్నాయి. నవల చివరి పేజీలో 'బాగుంది, కానీ హీరోయిన్‌కి బుద్ధి లేదు' అని ఒకరు రాస్తే, 'నీకుందా?' అని ఇంకొకరు, వాళ్లిద్దరికీ 'గ్రంథాలయ ఆస్తి పాడు చేయరాదు' అని మూడోవారు, అదీ బాల్‌పెన్నుతో. డిటెక్టివ్ నవలల్లో మాత్రం ఈ సేవ శృతి మించింది. మూడో పేజీలో పాలేరు పేరు కింద గీత గీసి 'వీడే' అని రాసిన మహానుభావుడి కోసం మేము ఇప్పటికీ వెతుకుతున్నాం. మా మాస్టారు ఒకాయన తను చదివిన ప్రతి పుస్తకంలో 17వ పేజీలో చిన్న చుక్క పెట్టుకునేవారు, మర్చిపోయి మళ్లీ తీసుకెళ్లకుండా. ఆయన పోయి మూడేళ్లయింది. ఇప్పుడు నేను ఏ పుస్తకం తీసినా ముందు 17వ పేజీ చూస్తాను. చుక్క ఉంటే తీసుకెళతాను. ఇంతవరకూ మోసపోలేదు.

ఇదంతా బీరువాల సంగతి. హాల్లో జనం లేరనుకుంటారేమో, పొద్దున ఎనిమిదికి తలుపు తెరిచేలోపే వరండాలో చెప్పులు గుట్టపడి ఉంటాయి. అందరూ పాతికేళ్ల లోపు పిల్లలు. వాటర్ బాటిల్, దిండు, గ్రూప్ 2 మెటీరియల్, టిఫిన్ బాక్సు వాళ్లే తెచ్చుకుంటారు. గ్రంథాలయం నుంచి వాళ్లు తీసుకునేది నిశ్శబ్దం, కరెంటు. "రాబోయే పుస్తకాలేం చదవాలనుకుంటున్నావమ్మా?" అని ఒకమ్మాయిని అడిగాను. తలెత్తి, "రాబోయే నోటిఫికేషన్ ఎప్పుడో తెలుసా అంకుల్?" అంది. ఇద్దరం ఒకే సంస్థానం ప్రజలమని అప్పుడర్థమైంది. 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు గ్రంథాలయాలకి ఐదు సూత్రాలు రాశారు. పాఠకుడి కాలం ఆదా చేయాలన్నది నాలుగోది. మా బీరువాలకి తాళాలుంటాయి కాబట్టి పుస్తకం వెతుక్కునే కాలమంతా ఆదా. గ్రంథాలయం పెరిగే ప్రాణి అన్నది ఐదోది. అదీ నిజమే, హాలు చాలక మావాళ్లు వేపచెట్టు కిందకి కూడా పెరిగారు.

పాత రోజుల్లో ఏదో బాగుండేదని చెప్పే రకం కాదు నేను. కానీ ఒక్కటి మాత్రం మింగుడుపడదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారి కాలంలో సెస్సు లేదు, చట్టం లేదు. 1935లో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ ఊరి రేవుకొచ్చి ఆగితే జనం పుస్తకాలు తీసుకునేవారు. పడవ వేగమెంత? మనిషి నడకంత. ఇప్పుడు అదే జిల్లాలో రోడ్డు కింద ఫైబర్ కేబుల్ ఉంది, రోడ్డు మీద ఆరు లైన్లున్నాయి, ముందురోజు రాత్రి ఫోన్లో నొక్కితే మర్నాటికల్లా చెప్పులు ఇంటికొస్తాయి. పుస్తకం మాత్రం పడవ దిగాక మళ్లీ ఏ వాహనమూ ఎక్కినట్టు లేదు.

డబ్బు లేదందామా అంటే, 1960 నాటి చట్టం ఆ సాకు కూడా మిగల్చలేదు. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. నా ఇంటిపన్ను 2,400. అంటే ఏటా 192 రూపాయలు నావి. మంచి తెలుగు నవల ఒకటి సరిగ్గా ఆ ధరకే వస్తుంది. పదకొండేళ్లకి పదకొండు నవలలు. నేను కొన్నవే, ఎక్కడున్నాయో నాకే తెలియదు. వసూలు చేసినవాళ్లు గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. చేయనిదాన్ని బకాయి అంటారు. నేను పన్ను కట్టకపోతే కుళాయి కోసేస్తారు, వాళ్లు సెస్సు కట్టకపోతే సమీక్షా సమావేశం పెట్టుకుంటారు.

ఈ లెక్కంతా కాగితం మీద వేసుకుని, గత గురువారం మేడమ్ బల్ల ముందు నిలబడి, పదకొండేళ్ల అలవాటు కొద్దీ అడిగాను.

"మేడమ్, కొత్తవేమైనా వచ్చాయా?"

ఆవిడ అటూ ఇటూ చూసింది. సొరుగు లాగి, హాజరు పట్టీ కింద నుంచి ఒక నవల తీసింది. మేనల్లుడి పుణ్యమా అని నేను పేరు విన్నది కాదు, ఈ జనవరిలో అచ్చయిన తెలుగు నవల. తిప్పి చూశాను. నంబరు లేదు, ఊదారంగు ముద్ర లేదు. గ్రంథాలయ శాస్త్రం ప్రకారం అది ఇంకా పుట్టలేదు.

"నాది మాస్టారూ. విజయవాడ బుక్ ఫెస్టివల్లో కొన్నాను. మీకు నచ్చుతుంది, పల్లెటూరి కథ. కానీ సోమవారానికి ఇచ్చేయాలి. మీ వెనకాల ఇంకా ముగ్గురున్నారు" అని, రిజిస్టర్ వెనక అట్ట తిప్పి చూపించింది. పెన్సిల్‌తో ఐదు పేర్లు. నాది రెండో పేరు. మొదటిది కొట్టేసి ఉంది, అది గ్రూప్ 2 అమ్మాయిది. నన్నడక్కుండానే నా పేరెక్కించారు.

ప్రభుత్వ సొరుగులో ప్రైవేటు పుస్తకం, ముద్ర లేని గ్రంథం బట్వాడా, అనధికార వెయిటింగ్ లిస్టు. ఒక్క గురువారంలో మూడు ఉల్లంఘనలు. బాధ్యతగల పౌరుడిగా పైఅధికారులకి ఫిర్యాదు రాయడం నా విధి. తప్పకుండా రాస్తాను. ఇంకా 140 పేజీలున్నాయి.