నీళ్లు కాస్తే ఫ్లోరైడ్ పోదండీ

కుళాయి నీళ్లు కాచి తాగితే చాలు, భయం అక్కర్లేదని తాగునీటి మీద మీ వ్యాసంలో రాశారు. సూక్ష్మజీవుల వరకు నిజమే. కానీ మా కనిగిరి వైపు అసలు బాధ బోరు నీళ్లలో కరిగి ఉండే ఫ్లోరైడ్ అనే లవణం, అది కాస్తే పోదు, నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్కన ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతేనే 1.5 వరకు. గార పట్టిన పళ్లు, వంగిపోయిన నడుములు మా పల్లెల్లో ఎన్ని చూశామో! ఏళ్ల తరబడి ఆ ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగినవాళ్లు వాళ్లంతా. అందుకే నాగార్జున సాగర్ నీళ్లు వదిలేది ఏ రోజు, బోరు నీళ్లు కలిపేది ఏ రోజు అన్నది జనానికి ముందే చెప్పాలి.

ఇంకోటి, మీరు అసలు ముట్టుకోనిది. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లో పైపు ఖాళీగా ఉన్న గంటలే ప్రమాదం. మురుగు కాలవలోంచి పోయే పైపుకి చిన్న పగులున్నా ఆ మురికి లోపలికి దిగుతుంది, దానికి తోడు కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఇంకా లాగేస్తుంది, దయచేసి ఆ పని మానండి. ట్యాంకు దగ్గర క్లోరిన్ కలిపితే సరిపోదు, చివరి ఇంటి కుళాయిలోనూ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. ఆ పరీక్షకు పెద్ద ల్యాబ్ కూడా అక్కర్లేదు, మందు చుక్కలు వేస్తే రంగును బట్టి తెలిసిపోతుంది. మా వీధికొచ్చి చూసినవాళ్లు మాత్రం లేరు. ఆ ఫలితాలు వార్డు సచివాలయం బోర్డు మీద రాసి పెడితే కూలికి పోయేవాళ్లు కూడా డబ్బా నీళ్లు కొనాలో వద్దో తేల్చుకుంటారు.