గర్భిణులకు షుగర్ టెస్టు దండగా? ఆ మెసేజ్‌లో ఒక్కో మాటా చూద్దాం

"గర్భంలో షుగర్ అన్నది ల్యాబుల వ్యాపారం. గ్లూకోజ్ నీళ్లు తాగిస్తే ఎవరికైనా షుగర్ పెరుగుతుంది. ఇన్సులిన్ బిడ్డకు చేటు. అన్నం మానేసి చోడి (రాగి) అంబలి తాగితే చాలు, కాన్పు కాగానే పోతుంది."

విశాఖలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి ఈ మెసేజ్ వచ్చింది. ఆరో నెల నడుస్తున్న కింది ఫ్లాట్ అమ్మాయి అది చదివి, "అయితే టెస్టుకి వెళ్లక్కర్లేదా ఆంటీ?" అని అడిగింది. వెళ్లాలమ్మా, తప్పకుండా వెళ్లాలి.

వ్యాపారం అన్న మాటకు జవాబు చిన్నదే. ప్రతి గర్భిణికీ ఈ పరీక్ష చేయాలన్నది కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకం. మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24-28 వారాల మధ్య మరోసారి. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు.

గ్లూకోజ్ తాగితే షుగర్ పెరుగుతుంది, నిజమే. కానీ చూసేది ఎంత పెరిగిందని కాదు, రెండు గంటల్లో దిగిందా లేదా అని. 75 గ్రాముల గ్లూకోజ్‌ను 300 మి.లీ. నీళ్లలో కలిపి పది నిమిషాల్లోపు తాగాలి. రెండు గంటల తర్వాత 140 లేదా అంతకు మించి ఉంటే గర్భధారణ షుగర్ ఉన్నట్టు. అరగంటలోపు వాంతి అయితే పరీక్ష మర్నాడు మళ్లీ చేస్తారు. మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగ్గా పనిచేయనివ్వవు. చాలామందిలో పాంక్రియాస్ ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి ఆ లోటు పూడుస్తుంది, కొందరిలో అది చాలదు. తల్లికి తేడా ఏమీ తెలియకపోవచ్చు. అందుకే టెస్టు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇన్సులిన్ మీద భయం. తల్లి తీసుకునే ఇన్సులిన్ మాయ దాటి బిడ్డను చేరదు. దాటేది తల్లి రక్తంలోని చక్కెర. అది ఎక్కువైతే బిడ్డ తన పాంక్రియాస్‌తోనే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది, ఒళ్లు చేస్తుంది. కాన్పులో భుజాలు ఇరుక్కునే ప్రమాదం ఉంటుంది. బొడ్డు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం అలాగే ఉంటుంది. షుగర్ దబ్బున పడిపోతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ మడమ మీద సూదితో గుచ్చి, చుక్క రక్తం తీసి చూసేది అందుకే. పుట్టిన గంటలోపు చనుబాలు పట్టించమనడానికీ ఇదొక కారణం.

అయినా అందరికీ ఇన్సులిన్ రాయరు. ముందు రెండు వారాలు ఆహారం, నడక. తిన్న రెండు గంటలకు 120 లోపు ఉంటే వాటితోనే సరిపోతుంది.

మరి అంబలి? చోడి పిండీ పిండి పదార్థమే. అంబలి కాచి గ్లాసులకు గ్లాసులు తాగితే షుగర్ పెరగక మానదు. అన్నం పూర్తిగా మానేసి కడుపు మాడ్చుకోవడమూ తప్పే. తగ్గించిన అన్నం, పక్కన పప్పు, కూర, గుడ్డో చేపో, అదీ కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు.

కాన్పు కాగానే చాలామందికి షుగర్ మామూలుకొస్తుంది, ఆ మాట నిజం. కానీ వాళ్లకు తర్వాతి ఏళ్లలో టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం మిగతా వాళ్ల కంటే చాలా ఎక్కువ. అందుకే ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి, దాదాపు అందరూ వదిలేసేది దీన్నే. బిడ్డకు టీకా పడేదీ సరిగ్గా ఆరో వారమే. ఆ పొద్దున ఏమీ తినకుండా వెళ్తే తల్లి పరీక్షా అదే రోజు చేయించుకోవచ్చు.