ఎందుకు పెట్టావ్ అని అడిగేముందు

మా ఇంట్లో బట్టలు ఉతికే డ్యూటీ నాది. గొప్ప కోసం చెప్పట్లేదు, వంటింట్లో నా పనితనం చూశాక మా ఆవిడ ఏనాడో చేసిన పంపకం అది. పొద్దున్నే లేవడం, అందరి జేబులూ తడిమి చిల్లర, టిష్యూలు, చిన్నోడి స్కెచ్ పెన్ మూతలు తీసి పక్కన పెట్టడం, మెషీన్ ఆన్ చేసి వాడి రెండో షూ ఎక్కడుందో ఇల్లంతా వెతకడం, రోజూ నడిచే భాగోతమే. ఆ బుధవారం కూడా అంతే, కాకపోతే డ్రమ్ తిరుగుతుంటే లోపల్నుంచి గరగరమని సౌండ్. చిల్లరేమో అనుకున్నా, కానీ చిల్లరైతే టంగుటంగుమంటుంది కదా, ఇది కాలికింద ఇసుక నలిగినట్టుంది. ఆపి తీసి చూస్తే మా పెద్దదాని జీన్స్ కింద మడతల్లో పటిక పలుకుల్లాంటి గాజు ముక్కలు. మొండి అంచులు, కొంచెం ఆకుపచ్చ ఛాయ. అరచేతిలోకి తీస్తే ఒక చెంచాడు ఉంటాయి.

ఇంట్లో గ్లాసు పగిలితే ఇలాంటి ముక్కలు రావు, కోసుకునే పెంకులొస్తాయి. ఇవి కారు అద్దం ముక్కలు. కారుకి ముందుండే పెద్ద అద్దం వేరే రకం, రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు, దెబ్బ తగిలినా సాలెగూడులా బీటలిచ్చి అక్కడే వేలాడుతుంది. పక్క అద్దాలు మాత్రం చాలా కార్లలో టెంపర్డ్ గ్లాస్, దాన్ని 600 డిగ్రీలు దాటించి వేడిచేసి ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు, పైపొర బిగుసుకుపోయి లోపల లాగుడు మిగిలిపోతుంది, అందుకే ఒక్కచోట పైపొర దాటి దెబ్బ దిగిందంటే అద్దం మొత్తం ఒకేసారి పొడిపొడిగా రాలిపోతుంది. యాక్సిడెంట్‌లో మనిషి గొంతు కోసుకోకుండా ఉండాలని చేసిన ఏర్పాటు. అదే దొంగకీ సుఖమైపోయింది, చెయ్యి తెగకుండా పని అయిపోతుంది.

సరే, కిందకెళ్ళి చూశా. కారు గోడకి ఆనించినట్టు పార్క్ చేసి ఉంది, అది కూడా రోజూ పెట్టేదానికి రివర్స్‌లో. గోడకీ కారుకీ మధ్య పక్కకి తిరిగి దూరితే అప్పుడు కనపడింది, డ్రైవర్ పక్కసీటు వైపు డోర్ అద్దం లేదు, దాని ప్లేస్‌లో నల్ల చెత్త కవరు, చుట్టూ బ్రౌన్ టేప్. మా పెద్దది ఆ టేప్ ఎంత నీటుగా వేసిందంటే మూలల దగ్గర కత్తిరించి మడతపెట్టి మరీ అతికించింది, ఒక్క ముడత లేదు. స్కూల్ పుస్తకాలకి అట్టలు వేయడం చిన్నప్పుడు నేనే నేర్పించా దానికి. ఆ మూలలు చూడగానే నాకు కోపం కంటే ముందు ఇంకేదో వచ్చింది, ఏమనాలో ఇప్పటికీ తెలీదు.

కానీ ఆ ఇంకేదో మెట్లెక్కేలోపే పోయింది. పైకొచ్చి, పడుకున్న పిల్లని లేపి, నేనడిగిన మొదటి మాట ఏంటో తెలుసా? "బ్యాగ్ కార్లో ఎందుకు పెట్టావ్?"

చూడండి, బ్యాగ్ పోయిందని నాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు. నేనే ఊహించేసి, నేనే కేసు పెట్టేసి, నేనే తీర్పు కూడా ఇచ్చేశా, అది ఇంకా కళ్ళు తెరవనేలేదు. లేచి కూర్చుని దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది, మాట్లాడదు. నేను నా లెక్చర్ రెండో పేరాలోకి వెళ్ళబోతుంటే వెనక నుంచి మా ఆవిడ వచ్చి, "మీరు కాస్త ఆగండి. ఏమేం పోయాయమ్మా?" అంది.

లాప్‌టాప్. ఛార్జర్. పర్సు, అందులో బ్యాంకు కార్డు, కాలేజీ ఐడీ. నోట్స్. ఒక్కొక్కటీ చెప్తోంది, నేను లోపల లెక్కలేసుకుంటున్నా. చివర్లో చాలా చిన్న గొంతుతో "తాళాలు" అంది.

ఏ తాళాలు?

ఇంటి తాళాలు.

కారు డ్యాష్‌బోర్డ్ అర కూడా తెరిచి ఉందంట. అందులో రిజిస్ట్రేషన్ కాగితం కాపీ, ఇన్సూరెన్స్ కాగితం, రెండింటి మీదా మా ఇంటి అడ్రస్ స్పష్టంగా ఉంటుంది. జరిగింది మంగళవారం సాయంత్రం ఏడింటికి, అది లైబ్రరీ నుంచి బయటికొచ్చేసరికి. నాకు తెలిసింది బుధవారం పొద్దున ఆరున్నరకి. అంటే దాదాపు పన్నెండు గంటలు ఎవడో ముక్కూ మొహం తెలీనివాడి చేతిలో మా ఇంటి తాళం, మా ఇంటి అడ్రస్ ఉన్నాయి, మేము మాత్రం హాయిగా ఫ్యాన్ వేసుకుని నిద్రపోయాం. చిన్నోడు ఆ రాత్రి ముందుగదిలో సోఫా మీదే నిద్రపోయాడు, మోసుకెళ్ళే ఓపిక లేక అక్కడే వదిలేశాం. ఇది రాస్తుంటే కూడా నా చేతులు ఒకలా అవుతున్నాయి.

ఇంకోటి వినండి. లాప్‌టాప్ పోయిందని తెలిసిన నిమిషంలో ఫోన్ నుంచే దాన్ని లాక్ చేయమని పెట్టేయొచ్చు, అది నెట్‌కి కలిసినప్పుడు లాకైపోతుంది, అన్ని అకౌంట్లలోంచి సైన్ అవుట్ కొట్టొచ్చు, ఈ సంగతి మనకంటే పిల్లలకే బాగా తెలుసు. దీనికీ తెలుసు. ఫోన్ చేతిలోనే ఉంది. మరి ఎందుకు చేయలేదమ్మా అంటే, "రికవరీ నంబర్ నీది నాన్నా. కోడ్ నీ ఫోన్‌కొస్తుంది" అంది.

నాకు తెలిసిపోతుందని చేయలేదు. కార్డు బ్లాక్ చేయలేదు, మెసేజ్ నాకొస్తుంది కాబట్టి. పోలీస్ కంప్లైంట్ ఇవ్వలేదు, కారు నా పేరు మీదుంది, వాళ్ళు నాకే ఫోన్ చేస్తారు కాబట్టి. వాళ్ళ ఫ్రెండ్ దగ్గర అప్పు తీసుకుని రెండ్రోజుల్లో అద్దం వేయించేసి, లాప్‌టాప్ కాలేజీలో మర్చిపోయాననో రిపేర్‌కిచ్చాననో చెప్పి నెట్టుకొద్దామనుకుంది. రాత్రి అందరం పడుకున్నాక టార్చ్ పెట్టుకుని సీట్లు దులిపిందంట, ఆ ముక్కలే జీన్స్ మడతల్లో పడ్డాయి. అంత పకడ్బందీగా ప్లాన్ చేసి జీన్స్ మాత్రం తీసుకెళ్ళి నేను ఉతికే బుట్టలో పడేసింది చూడండి, పద్దెనిమిదేళ్ళ తెలివి అంటే అదే!

ఎందుకంత భయం? నేను కొట్టే నాన్నని కాను, ఏనాడూ చెయ్యెత్తలేదు. అదే నా గర్వం కూడా. "మా ఇంట్లో పిల్లలకి ఫుల్ ఫ్రీడమ్ అండీ" అని పదిమందిలో చెప్పుకునే టైపు. కానీ లైసెన్స్ వచ్చిన కొత్తలో ఇదే కారుని గేటు స్తంభానికి రాసింది. డోర్ మీద జానెడు గీత. ఆ రోజు నేను ముప్పావుగంట మాట్లాడాను. జాగ్రత్త గురించి, వస్తువు విలువ గురించి, నా చిన్నప్పుడు సైకిల్ ఎలా తుడుచుకునేవాణ్ణో దాని గురించి. పోనీ అక్కడితో ఆగానా, మరుసటి రోజు బండెక్కుతూ "గీత పాపం ఎలా ఉందో" అని ఒక జోకు, వారం తర్వాత చుట్టాలొస్తే వాళ్ళ ముందు ఇంకో జోకు, తాళాలు ఇచ్చిన ప్రతిసారీ "స్తంభాలు కదలవమ్మా, మనమే చూసుకోవాలి" అని ఒక చురక. నాకవి సరదా మాటలు. అది లెక్కపెట్టుకుందని నాకేం తెలుసు. "నీకు చెప్దామని ఫోన్ తీశా నాన్నా, ఆ గీత గుర్తొచ్చింది" అంది. మా ఆవిడైతే ఇంకా ఘాటుగా, "ఆ దొంగ నిమిషంలో పని కానిచ్చుకుని వెళ్ళిపోయాడు, మీకైతే ఆర్నెల్లు పట్టేది" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఆ పొద్దున ఎవరూ ఆఫీసుకి పోలేదు, చిన్నోడిని మాత్రం తోసేశాం స్కూల్‌కి, రెండు రంగుల సాక్సులతో. ముందు తాళాలు రిపేరు చేసే అతన్ని పిలిచి రెండు తలుపులకీ తాళాలు మార్పించాం, కార్డు బ్లాక్, పాస్‌వర్డులన్నీ మార్చడం. కంప్లైంట్‌లో లాప్‌టాప్ సీరియల్ నంబర్ రాయమన్నారు. సీరియల్ నంబర్ మిషన్ అడుగున ఉంటుంది, మిషనే లేదు కదా! ఇక్కడ మా ఆవిడ అటక మీదున్న ఖాళీ డబ్బాల గురించి చెప్పాలి, మిక్సీ డబ్బా, ఫోన్ డబ్బాలు, ఏదీ పారేయనివ్వదు, నేను పదేళ్ళుగా వెక్కిరిస్తున్నా. ఏమీ అనకుండా స్టూల్ వేసుకుని ఎక్కి, దుమ్ము దులిపి, లాప్‌టాప్ డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టింది. నంబర్ దాని పక్కనే ప్రింటై ఉంది. ఆ తర్వాత ఒక్క మాట అనలేదు చూడండి, అదీ నాకు రాని విద్య.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్తా, తెలీనివాళ్ళు చాలామంది. ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి మాత్రమే కట్టే థర్డ్ పార్టీ పాలసీ అయితే మన అద్దానికి పైసా రాదు. ఫుల్ పాలసీ ఉన్నా అది మామూలుగా కారుకి, కార్లో ఉన్న బ్యాగుకి కాదు. పైగా చిన్న క్లెయిమ్‌కి వెళ్తే వచ్చే ఏడాది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోవచ్చు, లెక్కేసుకుంటే కొన్నిసార్లు మన జేబులోంచి పెట్టుకోవడమే నయం. ఏదైనా ఫొటోలు మాత్రం శుభ్రం చేయకముందే తీయాలి. మా అమ్మాయి అర్ధరాత్రి అంతా దులిపేసి సాక్ష్యాలన్నీ వాషింగ్ మెషీన్‌లో కలిపేసింది.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. చుట్టాలు, ఆఫీసువాళ్ళు, పక్కింటివాళ్ళు. ఒక్కరంటే ఒక్కరు, "అయ్యో, అమ్మాయికి ఏం కాలేదు కదా" అని మొదలుపెట్టలేదు. అందరిదీ ఒకటే పల్లవి. బ్యాగ్ కార్లో ఎందుకు పెట్టింది? ఆ టైమ్‌లో అక్కడెందుకు ఆపింది? ఆ వయసు పిల్లకి కారెందుకు ఇచ్చావ్? అలారం పెట్టించలేదా? అలారం ఉంది సార్, కానీ చాలా కార్లలో అది డోర్ తెరిస్తే మోగుతుంది, అద్దం పగిలితే మోగాలంటే దానికి వేరే సెన్సర్ ఉండాలి. వాడు డోర్ తెరవలేదు, అద్దం కొట్టి లోపలికి వంగి చేతికందినవి లాక్కున్నాడు. ఇంత వివరంగా చెప్తే "అయినా బ్యాగ్..." అంటారు మళ్ళీ. పోయిన బ్యాగు గురించి ఇంతమంది ఇంత మాట్లాడారు, ఎత్తుకెళ్ళినవాడి గురించి ఒక్కరూ ఏమీ అనలేదు. వాడేదో వర్షం అన్నట్టు, గొడుగు తీసుకెళ్ళకపోవడమే మన పిల్ల తప్పన్నట్టు.

అలాగని బ్యాగ్ కార్లో వదలడం మంచి పనని నేను అనట్లేదు. వదలకూడదు. ఛార్జింగ్ కేబుల్ వేలాడుతున్నా, ఖాళీ బ్యాగ్ సీటు మీదున్నా బయటి నుంచి చూసేవాడికి అది లాటరీ టికెట్టే, ఖాళీదని వాడికేం తెలుసు. డిక్కీలో పెట్టాలన్నా దిగిన చోట పెడితే ఎవడో చూస్తూనే ఉంటాడు, బయల్దేరే ముందే పెట్టేసుకోవాలి. రిమోట్ నొక్కి వెళ్ళిపోకుండా హ్యాండిల్ ఒకసారి లాగి చూడాలి, ఆ సిగ్నల్‌ని అడ్డుకునే పరికరాలు దొంగల దగ్గర ఉంటున్నాయి, లాక్ పడిందనుకుని మనం వెళ్ళిపోతాం. ఒరిజినల్ కాగితాలు, ఇంటి తాళాలు కార్లో అసలుండకూడదు. ఇవన్నీ దానికి చెప్పాను, చెప్పాలి కూడా. కానీ ఎప్పుడు? తాళం మారాక, కార్డు బ్లాక్ అయ్యాక, అది కడుపునిండా తిని పడుకుని లేచాక. ఎందుకు పెట్టావ్ అన్న ప్రశ్న వారం ఆగినా దానికేం కాదు, ఏమేం పోయాయి అన్నదే గంట కూడా ఆగదు. నేను ఆ రెండూ తలకిందులు చేశా, ఆ ఒక్క పొద్దున కాదు, గీత పడ్డ రోజు నుంచీ. ఇందులో దాని తప్పు ఒకవంతైతే నాది మూడొంతులు, కామెంట్లలో ఎవరైనా "మీరు మరీ గారం చేస్తున్నారు" అంటే మాత్రం ఆ రాత్రి ముందుగదిలో మా చిన్నోడు పడుకున్న సోఫా గురించి ఒకసారి ఆలోచించి అప్పుడు రాయండి.

అన్నట్టు నేను కూడా శుద్ధపూసనేం కాదు. కంప్లైంట్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నా ఆఫీస్ బ్యాగ్ కారు ముందు సీట్లోనే వదిలేసి లోపలికెళ్ళా. మా పెద్దది చూసింది, ఏమీ అనకుండా తీసి భుజానికేసుకుని నా వెనకాలే వచ్చింది. వాళ్ళమ్మ పోలిక.

లాప్‌టాప్ దొరకలేదు, దొరుకుతుందన్న ఆశ కూడా లేదు. అద్దం వేయించాం. కానీ పాత ముక్కలు డోర్ లోపల పడిపోయి ఉన్నాయి, తలుపు వేసిన ప్రతిసారీ గలగలమని గజ్జెల సౌండ్, చిన్నోడికి మాత్రం అది పండగలా ఉంది, ఊరికే తెరిచి వేస్తున్నాడు. వాక్యూమ్ క్లీనర్‌తో పైపైన వచ్చినవి వచ్చాయి. డోర్ లోపలి ప్యానెల్ విప్పితే గానీ మిగతావి రావంటున్నాడు మెకానిక్, ఆ క్లిప్పులు విరిగితే నా పూచీ లేదని కూడా అంటున్నాడు. ఆదివారం నేనూ పెద్దదీ కలిసి విప్పుదామనుకుంటున్నాం. ఆ క్లిప్పులు విరక్కుండా విప్పినవాళ్ళెవరైనా ఉంటే దేనితో విప్పారో కాస్త చెప్పండి. స్క్రూడ్రైవర్‌తో అయితే గీతలు పడతాయేమోనని అదే భయపడుతోంది, పడితే పడనీ అన్నాను నేను, నమ్మినట్టు లేదు.