సవరణ: దేవ దీపావళి అమావాస్య నాడు కాదు, పౌర్ణమి నాడు

కాశీ యాత్ర గురించి మొన్న రాసినప్పుడు, ఘాట్ల మీద లక్షల దీపాలు వెలిగే దేవ దీపావళి చూడాలంటే దీపావళి రాత్రికి అక్కడ ఉండాలని చెప్పాను. అది తప్పు. ఆ వేడుక కార్తిక పౌర్ణమి నాడు, అంటే దీపావళి వెళ్లిన పక్షం రోజులకు జరుగుతుంది. 2025లో దీపావళి అక్టోబరు 20న వస్తే, దేవ దీపావళి నవంబరు 5న వచ్చింది.

దశాశ్వమేధ ఘాట్ దగ్గర పడవ నడిపే ఒకాయన ఫోనులో ఈ సంగతి చెప్పారు. తర్వాత అక్కడి పంచాంగాన్నీ మనదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. ఉత్తరాదిన నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. అందుకే మన ఆశ్వయుజ బహుళ అమావాస్యను వాళ్లు కార్తిక అమావాస్య అంటారు. ఆ ‘కార్తిక’ అన్న మాట పట్టుకుని రెండు పండుగలనూ ఒకటి చేశాను, పొరపాటు నాదే.

శుక్ల పక్షంలో మాత్రం తేడా లేదు. మన కార్తిక పౌర్ణమే వాళ్లదీ. శ్రావణమాసం విషయంలో జాగ్రత్త అవసరం: అక్కడ సాధారణంగా మనకంటే పదిహేను రోజుల ముందే మొదలవుతుంది, ఆ సోమవారాల్లో విశ్వనాథుని దర్శనానికి విపరీతమైన రద్దీ ఉంటుంది.

నా మాట నమ్మి దీపావళికి టికెట్లు తీసుకున్నవారు దయచేసి తేదీ మార్చుకోండి. అస్సీ నుంచి రాజ్‌ఘాట్ దాకా మెట్టు మెట్టునా మట్టి ప్రమిదలు, పైన నిండు చంద్రుడు: ఆ దృశ్యం మీకు నా వల్ల తప్పిపోకూడదు.