కోటకు కన్నీళ్లు పెడితే జవానును మరిచినట్టేనా?

పేరున్న నటుడు ఎవరైనా కన్నుమూస్తే చాలు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. 2025 జులై 13న కోట శ్రీనివాసరావు పోయినప్పుడు మన అనంతపురం గ్రూపుల్లోనూ తిరిగింది. దాని సారాంశం ఇది: "సరిహద్దులో జవాను చనిపోతే ఎవరికీ పట్టదు, సినిమావాళ్లు పోతే మాత్రం ఏడుపులు. డబ్బు తీసుకుని వేషాలేసినవాళ్లకు నివాళులెందుకు? పాటలు పాడిన బాలు మనకేమవుతాడు? మన సీమవాడు జయప్రకాశ్ రెడ్డి కూడా మనల్ని రౌడీలుగా చూపించి పోయాడు. ఈ స్టేటస్‌లన్నీ షో." చదువుకున్నవాళ్లు కూడా దీన్ని ఫార్వర్డ్ చేస్తుంటే కోపం, బాధ రెండూ వచ్చాయి.

మొదటి మాట. జవాను ఎవరికీ పట్టడని అనంతపురంలో ఉండి ఎలా అనగలిగారు? అదే ఏడాది మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో మురళీ నాయక్ అమరుడయ్యాడు. మన ఉమ్మడి జిల్లాలోని గోరంట్ల మండలం కల్లితండా పిల్లోడు. ఆ తండాకు జనం ఎట్లా తరలివచ్చారో అందరం చూశాం. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, మంత్రి నారా లోకేశ్ వచ్చి ఆ తల్లిదండ్రులను ఓదార్చారు. మురళికి ఏడ్చినవాళ్లే రెండు నెలల తర్వాత కోటకూ ఏడ్చారు. ఇందులో పోటీ ఎక్కడుంది?

డబ్బు సంగతి. కోట స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలాడిన మనిషి. 1987లో వచ్చిన 'అహ నా పెళ్లంట'లో పిసినారి లక్ష్మీపతి కోడిని పైన వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. ఆ కోడిని చూసే చూపు గుర్తుందా? నిజంగానే కూర వడ్డించుకున్నంత తృప్తి ముఖంలో. వేషానికి నిర్మాత డబ్బిచ్చాడు సరే, ఆ చూపు మాత్రం ఆయన సొంతం. మనం తలచుకునేది దాన్నే.

బాలు ఏమవుతాడంటారా? ఆయన ఇంజనీరింగ్‌లో చేరింది మన అనంతపురంలోనే. టైఫాయిడ్ వచ్చి మధ్యలో ఆపేశాడు. ఆ చుట్టరికం లేకపోయినా ఆయన పాట లేని పెళ్లి మన ఊళ్లో ఒకటి చూపించండి.

ఇక జయప్రకాశ్ రెడ్డి. నాకు బాగా గుచ్చుకున్నది ఈ మాటే. ఆయన పుట్టింది అప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా సిరివెళ్లలో. సినిమాలు సీమను బాంబుల గడ్డగా చూపించాయన్న మంట నాకూ ఉంది. వాన లేక వేరుశనగ ఎండిపోయిన రైతు గురించి, ఇంటికి తాళం వేసి బెంగళూరుకు వలస పోయే కుటుంబం గురించి తీసిన సినిమాలు ఎన్ని? కానీ ఆ కథలు ఎంచుకున్నది రచయితలు, దర్శకులు, నిర్మాతలు. ఇచ్చిన పాత్రలో ఆయన చేసింది మన యాసను మన ఇంట్లో మాట్లాడినట్టు పలకడం. 'ప్రేమించుకుందాం రా', 'సమరసింహారెడ్డి' మళ్లీ చూడండి. ఎత్తిపొడుపులో, బెదిరింపులో మాట విరిచే తీరు అచ్చం మన రచ్చబండ మీద విన్నట్టే ఉంటుంది. అంతేకాదు, ఆయన లెక్కల మాస్టారు. సినిమాల్లో అంత పేరు వచ్చాక కూడా 'అలెగ్జాండర్' నాటకంలో స్టేజీ మీద ఒక్కడే నిలబడి మొత్తం నడిపించాడు. అందులో కత్తీ లేదు, బాంబూ లేదు. 2020 సెప్టెంబర్ 8న, కరోనా రోజుల్లో, గుంటూరులో గుండెపోటుతో పోయాడు. అప్పట్లో నలుగురు గుమిగూడి సంతాపసభ పెట్టుకునే వీలు కూడా లేదు. ఇప్పుడైనా తలచుకోవద్దంటే ఎట్లా?

స్టేటస్‌లు షో అన్న ఆరోపణలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. 2023 మే 3న శరత్‌బాబు ఆస్పత్రిలో ఉండగానే పోయారని ప్రచారం చేశారు. ఆయన కన్నుమూసింది మే 22న. అదే ఏడాది మార్చిలో కోట గురించి కూడా అట్లాగే పుకారు లేపితే, బతికే ఉన్నానని ఆయనే వీడియోలో చెప్పుకోవాల్సి వచ్చింది. ఇంట్లోవాళ్లకు అదెంత నరకం! కాబట్టి తప్పు పట్టాల్సింది తొందరను. కుటుంబం చెప్పేదాకా ఆగండి. ఆ తర్వాత ఫొటో పెట్టండి, కింద ఓం శాంతితో సరిపెట్టకుండా ఆయన చేసిన ఏ పాత్ర మీకెందుకు నచ్చిందో రెండు ముక్కలు రాయండి.