సవరణ: కోల్‌కతా లోకల్ జోన్ గురించి నేను రాసింది

బరంపురంలో ఇంటి నుంచి క్లౌడ్ డెస్క్‌టాప్ (ఎక్కడో డేటా సెంటర్‌లో నడుస్తుంటే మనం నెట్ ద్వారా వాడుకునే కంప్యూటర్) మీద పనిచేసే మనవాళ్లు దాన్ని ముంబై నుంచి అమెజాన్ వెబ్ సర్వీసెస్ వాళ్ల కోల్‌కతా లోకల్ జోన్‌కి (అంటే వాడేవాళ్లకి దగ్గర్లో పెట్టిన చిన్న డేటా సెంటర్‌కి) మార్చుకుంటే, మీట నొక్కాక తెరమీద కనిపించే ఆలస్యం 100 మిల్లీసెకన్లు తగ్గుతుందని మొన్న రాశాను. తప్పు. లెక్క వేసుకోకుండా రాసేశాను.

ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకి సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. ఇక్కణ్ణుంచి తిన్నగా గీత గీస్తే ముంబై దాదాపు 1,250 కిలోమీటర్లు, కోల్‌కతా 500 పైచిలుకు. రానూపోనూ ముంబైకి 12 చిల్లర మిల్లీసెకన్లు, కోల్‌కతాకి 5. అంటే దూరం వల్ల కలిసొచ్చేది 7, 8 మిల్లీసెకన్లే. మా ఇంట్లో 'క' కొట్టాక గుడి పడేసరికి కాఫీ చల్లారేది. ట్రేస్‌రూట్ (డేటా ఏ దారిన వెళ్తోందో చూపించే కమాండ్) కొట్టి చూస్తే ఏముంది, మా లైను చెన్నై చుట్టి వెళ్తోంది! వైఫై మానేసి కేబుల్ పెట్టాక కొంత నయం.

ఇంకోటి, కోల్‌కతాని 'రీజియన్' (డేటా సెంటర్లన్నీ ఉండే పెద్ద కేంద్రం) అన్నాను. కాదు, అది ముంబై రీజియన్‌కి పొడిగింపు. మన దేశంలో అమెజాన్ వెబ్ సర్వీసెస్ రీజియన్లు రెండు: 2016లో ముంబై, 2022లో హైదరాబాద్. లోకల్ జోన్‌లో అన్ని సేవలూ దొరకవు కాబట్టి, మీక్కావలసిన డెస్క్‌టాప్ అక్కడ ఉందని చూసుకున్నాకే మారండి. నా మాట విని ఈపాటికే మీ ఆఫీసువాళ్లని అడిగేసినవాళ్లు, నన్ను తిట్టుకోండి.