మార్టిన్ చేతికి చీపురు ఎవరిచ్చారు?

పునీత మార్టిన్ డి పోరెస్ పటాల్లో చాలావాటిలో ఆయన చేతిలో చీపురు కనిపిస్తుంది. కాళ్ల దగ్గర కుక్క, పిల్లి, ఎలుక ఒకే గిన్నెలో తింటుంటాయి. ఆయన మీద చేసే ప్రసంగాలు కూడా ఎక్కువగా ఆ చీపురు చుట్టూనే తిరుగుతాయి. ఎంత తగ్గింపు, ఎంత విధేయత, ఏ పని చెప్పినా కాదనలేదు అంటారు. నిజమే. అయితే ఆ చీపురు ఆయన చేతికి ఎలా వచ్చిందో చెప్పకుండా ఆ వినయాన్ని మాత్రమే పొగడటం ఆయనకు చేసే అన్యాయమని నా అభిప్రాయం.

స్పెయిన్ ఏలుబడిలో ఉన్న పెరూలో, లిమా నగరంలో 1579లో మార్టిన్ పుట్టాడు. తండ్రి హువాన్ డి పోరెస్ స్పెయిన్ దొర. తల్లి ఆనా వెలాస్కెజ్ బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతి స్త్రీ. వాళ్లకు పెళ్లి కాలేదు. శాన్ సెబాస్టియన్ గుడి జ్ఞానస్నాన పుస్తకంలో బిడ్డ పేరు పక్కన ‘తండ్రి ఎవరో తెలియదు’ అని రాశారు. తండ్రి తర్వాత బిడ్డను తన బిడ్డే అని ఒప్పుకున్నా, పదవి మీద పనామా వెళ్లిపోయాడు. మార్టిన్, చెల్లెలు హువానా తల్లి కష్టం మీద పెరిగారు.

పన్నెండేళ్ల ప్రాయంలో మార్టిన్ ఒక మంగలి దగ్గర పనికి చేరాడు. ఆ రోజుల్లో మంగలి అంటే క్షవరం ఒక్కటే కాదు. చెడు రక్తం తీయడం, గాయాలు కడిగి కట్టు కట్టడం, ఆకులతో మందు నూరడం అన్నీ అతని పనే. మన పల్లెల్లోనూ మొన్నమొన్నటి దాకా పుండు కోసి కట్టు కట్టింది మంగలే, పురుడు పోసింది మంత్రసానే. ఆ విద్యతోనే మార్టిన్ పదిహేనేళ్ల వయసులో డొమినికన్ సభ వారి రోజరీ మఠం తలుపు తట్టాడు. ఉత్త చేతులతో వెళ్లలేదు, చేతిలో వైద్యం ఉంది.

మఠం ఆయన్ని పనివాడిగా తీసుకుంది. ఆఫ్రికా రక్తం, ఇండియన్ల (అంటే అమెరికా ఖండపు మూలవాసుల) రక్తం ఉన్నవాళ్లను పూర్తి సభ్యులుగా చేర్చుకోకూడదన్నది అప్పటి నిబంధన. ఊడ్వడం, ఉతకడం, రోగుల గదిలో సేవ ఆయన వంతు అయ్యాయి. 1603లో లే బ్రదర్‌గా, అంటే గురువు కాని మఠ సోదరుడిగా, వ్రతాలు చేయనిచ్చారు. గురుపట్టం మాత్రం ఎప్పుడూ దక్కలేదు. చీపురు ఆయన చేతికి ఇచ్చింది ఆ నిబంధన.

మార్టిన్ విధేయత గురించి చెప్పేవాళ్లు ఒక కథను ఎందుకు దాటేస్తారో నాకు అర్థం కాదు. లిమాలో అంటురోగం ప్రబలినప్పుడు బయటి రోగులను మఠంలోకి తేవద్దని పెద్దలు ఆంక్ష పెట్టారు. మార్టిన్ వాళ్లను చెల్లెలి ఇంట్లో పడుకోబెట్టి చూసుకున్నాడు. ఒకరోజు వీధిలో కత్తిపోటుతో నెత్తురోడుతున్న ఒక ఇండియన్ కనిపించాడు. చెల్లెలి ఇంటిదాకా మోసుకెళ్లే వ్యవధి లేదు. తన గదికే తెచ్చి, తన పడక మీద పడుకోబెట్టి, రక్తం ఆపాడు. పెద్దలు మందలించారు. “నా తప్పు క్షమించండి. విధేయత ఆజ్ఞ ప్రేమ ఆజ్ఞ కన్నా పెద్దదని నాకు తెలియదు, నేర్పండి” అన్నాడట. గొంతు ఎత్తలేదు, తలా వంచుకునే ఉన్నాడు. కానీ ఆ జవాబుకు మఠం దగ్గర తిరుగు జవాబు లేకపోయింది. ఆ తర్వాత కరుణ చూపే విషయంలో ఆయనకు అడ్డు చెప్పలేదంటారు.

ఇంకో కథ అందరూ చెప్పేదే. మఠం అప్పులపాలై వస్తువులు అమ్మకానికి పెడితే, “నేను పేద ములాటోను (తెల్ల, నల్ల జాతుల కలయికలో పుట్టినవాణ్ని), సభకు చెందిన సొత్తును, నన్ను అమ్మండి” అన్నాడని. దీన్ని వినయానికి పరాకాష్ఠ అంటారు. నాకు మాత్రం ఇది గుండెను కోసే మాట. లిమా సంతలో తన తల్లి లాంటి మనుషులకు ధర కడతారని తెలిసిన కొడుకు అన్న మాట అది.

ఆయన 1639లో కన్నుమూశాడు. 1837లో పోపు ధన్యుడిగా (పునీత హోదాకు ముందు మెట్టు) ప్రకటించే నాటికి పెరూలో బానిసత్వం ఇంకా చట్టబద్ధమే, 1854లో గానీ రద్దు కాలేదు. పునీతుడిగా ప్రకటన 1962 మేలో, పోపు ఇరవై మూడవ యోహాను చేతుల మీదుగా జరిగింది. అంటే మరణించిన మూడు వందల ఏళ్లు దాటాక.

తెలుగు కథోలికులకు ఇది దూరపు కథ కాదు. మన సంఘాల్లో ఎక్కువమంది దళితులే. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని 2022లో కార్డినల్ (పోపు తర్వాతి స్థాయి పదవి) అయినప్పుడు, ఆ స్థానానికి చేరిన తొలి దళితుడని దేశమంతా చెప్పుకుంది. అది మన గర్వం. అదే సమయంలో, ‘తొలి’ అనిపించుకోవడానికి 2022 దాకా ఎందుకు పట్టిందన్న ప్రశ్న కూడా మనదే. శ్రీసభలో దళితుల పట్ల వివక్ష ఉందని భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్యే 2016లో తన విధానపత్రంలో ఒప్పుకుంది. అలాంటి సంఘంలో ‘మార్టిన్‌లా తగ్గి ఉండండి’ అన్న బోధ ఎవరి చెవిన పడుతోంది, ఎవరి నోట వస్తోంది అన్నది చూడాలి. తగ్గాల్సినవాళ్లు చెప్పి, ఎప్పుడూ తగ్గి ఉన్నవాళ్లు వింటుంటే అది సువార్త కాదు.

మార్టిన్ పండుగ నవంబర్ 3న. ఆ రోజు ప్రసంగించే గురువులు ‘తండ్రి ఎవరో తెలియదు’ అన్న ఆ పంక్తినీ, ఆయన్ని పనివాడిగానే ఉంచిన ఆ నిబంధననూ పీఠం మీద నుంచి చెప్పాలని అడుగుతున్నాను. కులాన్ని బట్టి సమాధులు వేరు చేసిన ఊళ్లో ఉంటే, ఆ గోడ ఎప్పుడు తీస్తారో కూడా ఆ రోజే చెప్పాలి.